గిటారు వినిపిస్తుంది, కనపడదు!

హీరో బాక్సింగ్ సాధన చేస్తుంటాడు. కారు చక్రం అతని చేతివేళ్ల మీదుగా పోతుంది. వెనక పాట మొత్తం ఇంగ్లిషులో, కరకు గిటారు మోత మీద నడుస్తుంది. 1999లో ‘తమ్ముడు’ చూసిన మన సీమ కుర్రాళ్లలో ‘ట్రావెలిన్ సోల్జర్’ పాటకు అర్థం తెలిసినవాళ్లు ఎందరో గానీ, ఈలలు మాత్రం ఆగలేదు. ప్రొద్దుటూరులోనైనా, జమ్మలమడుగులోనైనా, పులివెందులలోనైనా ఆ వయసు దాటొచ్చినవాళ్లను ఇప్పుడు అడిగినా ఆ మోతను నోటితో వాయించి చూపిస్తారు.

ఆ పాట కట్టిన రమణ గోగుల సినిమాల్లో ఎదిగిన మనిషి కాదు. ‘మిస్టీ రిథమ్స్’ అని బ్యాండు పెట్టి, ‘ఆయే లైలా’ పాప్ ఆల్బమ్‌తో పేరు తెచ్చుకుని ఇటు వచ్చాడు. ‘తమ్ముడు’, ‘బద్రి’, ‘జానీ’ వరుసగా వింటే పాప్ మెరుగు తగ్గుతూ తీగల గరుకు పెరగడం తెలుస్తుంది. ఆ బొంగురు గొంతుకు అదే సరైన జోడీ అని నా లెక్క. 2025 సంక్రాంతికి ‘గోదారి గట్టు’ పాటలో ఆ గొంతే మళ్లీ ఊరూరా మోగింది.

ఇంగ్లండులో కొందరు ఈ దారి అంతకుముందే తొక్కారు. ‘న్యూ వేవ్’ కాలపు బ్యాండ్లలో ‘డెపెష్ మోడ్’ ఒకటి. 1981 నాటి వాళ్ల తొలి ఆల్బమ్ అంతా సింథసైజర్లే. 1988లో అమెరికాలోని పాసడేనా వెళ్లి రోజ్ బౌల్ స్టేడియం నింపారు. మరుసటి ఏడాదే ‘పర్సనల్ జీసస్’ను గిటారు మీద నిలబెట్టారు. 1993లో ‘సాంగ్స్ ఆఫ్ ఫెయిత్ అండ్ డివోషన్’కు వచ్చేసరికి మార్టిన్ గోర్ గిటారు ముందుకొచ్చింది, కీబోర్డుల అలన్ వైల్డర్ అసలు డ్రమ్స్ ముందు కూర్చున్నాడు. ఆ ఆల్బమ్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానం కొట్టింది. గిరాకీ లేక గిటారు పట్టినవాళ్లు కాదు వాళ్లు, స్టేడియం నిండాక దాన్ని ముందుకు తెచ్చారు.

రాక్ గిటారు మన చెవికి అంత తొందరగా ఎందుకు ఎక్కింది? రాక్‌లో ఎక్కువగా వాయించే ‘పవర్ కార్డ్’లో ఉండేవి రెండే స్వరాలు, షడ్జమం, పంచమం. మోతను కరకుగా మార్చే డిస్టార్షన్ పెట్టినప్పుడు గాంధారం కూడా కలిస్తే అదనపు నాదాలు పుట్టి అంతా కలగాపులగం అవుతుంది. అందుకే దాన్ని వదిలేస్తారు. మిగిలిన స-ప మన తంబూరా శ్రుతే కదా! హిందోళంలాంటి పంచమం లేని రాగాలను పక్కనపెడితే, పైన ఏం పాడినా ఇమిడిపోతుంది. బెంగళూరు బ్యాండు ‘అగం’ త్యాగయ్య ‘బంటురీతి కొలువు’ను రాక్ గిటార్లతో పాడింది. ఆ కీర్తన హంసనాదం, అందులో అసలు గాంధారమే లేదు.

ఇక మన వేదికల సంగతి. ప్రొద్దుటూరు దసరాకో, చవితి పందిరి ముందరో ఆర్కెస్ట్రా జరిగేచోట స్టేజీ దగ్గరికి వెళ్లి చూడండి. చాలాచోట్ల గిటారు వినిపిస్తుంది, గిటారు మాత్రం ఉండదు. కీబోర్డు వాయించే ఆయన కుడిచేత్తో మీటలు నొక్కుతూ, ఎడమచేత్తో పిచ్ బెండ్ చక్రం తిప్పి, తీగ లాగినట్టు స్వరాన్ని వంచుతాడు. ఆ నేర్పుకు దండం పెట్టాల్సిందే. అయినా తీగ మీద వేలు జారే చప్పుడు అందులో రాదు. పాట ఊపందుకున్నప్పుడు చెయ్యి చేసే చిన్న తొందరపాటూ రాదు.

కారణం డబ్బే. కీబోర్డు, ప్యాడ్స్ ఇద్దరితో పని జరిగిపోతుంటే మూడో మనిషికి పైకం, బండిలో చోటు, వేరే ఆంప్లిఫయర్ ఎవరు భరిస్తారు? ఇప్పుడు ఆ ఇద్దరి పనికీ ట్రాక్ ఎసరు పెడుతోంది. గాయకుడు ఒక్కడే వచ్చి, పెన్‌డ్రైవ్ పెట్టి పాడి వెళ్లిపోతున్నాడు. విదేశీ బ్యాండ్లు యంత్రాల నుంచి మనుషుల వైపు జరిగితే మన స్టేజీలు ఎదురుదారి పట్టాయి.

ఉత్సవ కమిటీ పెద్దలకు ఒక మనవి. లైటింగు ఖర్చు కాస్త తగ్గినా జనం ఏమీ అనుకోరు. ఈసారి ఆర్కెస్ట్రా మాట్లాడుకునేటప్పుడు గిటారు వాయించే మనిషి వస్తున్నాడా లేదా అని అడగండి. వస్తానంటే, అతని పైకం విడిగా లెక్కగట్టి అతని చేతికే ఇవ్వండి.