అవ్వ మాటకు కత్తెర వేసే ముందు

ఇంట్లో పెద్దవాళ్లు పాత సంగతులు మొదలుపెడితే చాలు, ఎవరో ఒకరు సెల్‌ఫోన్ తీసి రికార్డు చేస్తున్నారు. షష్టిపూర్తికో, బడి వార్షికోత్సవానికో ఆ మాటలతో వీడియో చేద్దామనుకుంటాం. గంటసేపు చెప్పింది పది నిమిషాలకు కుదించే దగ్గరే వస్తుంది చిక్కంతా. ఏది ఉంచాలి? ఏది తీసెయ్యాలి?

మా బేస్తవారిపేటకు దగ్గర్లోని మార్కాపురం పలకలకు పేరు. మనలో చాలామంది అక్షరాలు దిద్దింది వాటిమీదే. ఆ పనిలో వయసంతా గడిపిన ఆడవాళ్ల మాటలతో ఈమధ్య నేనో చిన్న వీడియో చేశాను. ఓ అవ్వ "పని బాగానే ఉండేదమ్మా" అని, కాసేపు ఆగి, దగ్గి, "ఆ దుమ్మే పాడుది" అంది. మొదటి ముక్క ఒక్కటే ఉంచితే పలకల పని పూలపాన్పే అనుకుంటారు. రెండోది ఒక్కటే ఉంచితే తన చేతిపని మీద ఆమెకున్న ఇష్టం గల్లంతవుతుంది. మధ్యలో మౌనాన్ని, దగ్గును తీసేస్తే మాట శుభ్రంగానే ఉంటుంది, మనిషే కనిపించదు. అందుకే మొత్తం అలాగే ఉంచాను.

అలాగని ఏదీ తీయకూడదని కాదు. చెప్పిందే మళ్లీ చెప్పడం, మధ్యలో కుక్కర్ కూత, వీధిలో హారన్లు నిక్షేపంగా తీసెయ్యొచ్చు. దానికీ ఓ పద్ధతుంది.

ఇలా చేసి చూడండి

* రికార్డు చేసేటప్పుడే ఫ్యాను ఆపండి. ఫోను మాట్లాడే మనిషికి దగ్గరగా పెట్టండి.

* మాటలయ్యాక అర నిమిషం అందరూ నోరు మెదపకుండా ఉండి, గదిలోని చప్పుడు కూడా రికార్డు చెయ్యండి. కోసిన చోట దాన్ని పరిస్తే అతుకు తెలియదు.

* అసలు రికార్డు భద్రంగా దాచి, నకలు మీదే కత్తెర పెట్టండి.

* ముందు మొత్తం వినండి. ఏ మాట ఎన్నో నిమిషంలో ఉందో నోటుపుస్తకంలో రాసుకోండి.

* మాట మధ్యలో కాకుండా ఊపిరి తీసుకునే చోట కోయండి. అక్కడ బొమ్మ ఎగిరినట్లు కనిపిస్తే ఆమె చేతుల దృశ్యం వెయ్యండి. గొంతు మాత్రం ఆగకుండా సాగనివ్వండి.

* రొద మరీ తగ్గించబోతే గొంతు డబ్బాలోంచి వచ్చినట్లుంటుంది. కొంచెం రొద ఉన్నా నష్టం లేదు.

ఇవన్నీ పెద్ద చదువులు చదివినవాళ్ల పనులనుకోకండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, అక్షరం రానివాళ్లు సైతం, కెమెరా పట్టి ఎడిటింగు నేర్చి చిత్రాలు తీశారు. 2001లో వాళ్ల కమ్యూనిటీ మీడియా ట్రస్ట్ ఏర్పడింది. 2008 అక్టోబర్ 15న మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లలో ఒకటి పటేల్ షాట్. ఎదుటి మనిషిని కంటికి కన్ను సమానంగా చూపితే అది సంఘం షాట్. ఎంత బాగా చెప్పారో చూడండి!

కత్తెర పట్టినప్పుడూ ఆ సమానత్వం ఉండాలి. వీడియో నలుగురికీ చూపే ముందు మాట్లాడినావిడకే వినిపించి, "నువ్వన్నది ఇదేనా?" అని అడగండి. ఆవిడ వద్దన్న ముక్క మారు మాటాడకుండా తీసెయ్యండి. ఉంచమన్న ముక్కను ఇంట్లోవాళ్లు వద్దన్నా ఉంచండి. గొంతు ఆవిడది, మనది కత్తెర మాత్రమే.