ముందు గూడు, తరువాత కోడి

సీతాఫల్‌మండి సందులలో గోడకు గోడ ఆనుకొని ఇళ్లున్నవి. పెరడు అనదగినది కొద్ది ఇళ్లకే మిగిలినది. అయినను నాలుగు పెట్టలను పెంచుకొని ఇంటి గుడ్లు తినవలెనన్న కోరిక మన మధ్యతరగతి కుటుంబాలను వదలలేదు. ఆ కోరిక మంచిదే. కాని కోడిని కొనడం ఒక పూట పని. దానికి తగిన గూడు అమర్చడం ఆలోచించి చేయవలసిన పని. చాలామంది మొదటిది చేసి రెండవదానిని మరచిపోతారు. మేమును అట్లే చేసినాము.

కొన్ని సంవత్సరాల క్రితం మా సందులోకి ఒక వ్యాపారి సైకిలు మీద గంప పెట్టుకొని వచ్చినాడు. గంప నిండా గులాబి, ఆకుపచ్చ రంగులు పూసిన కోడిపిల్లలు. పిల్లల మారాము వినలేక ఆరింటిని కొని అట్టపెట్టెలో ఉంచినాము. ఐదు రోజులలో నాలుగు చనిపోయినవి. మిగిలిన రెండింటిని ఒక రాత్రి పందికొక్కు ఎత్తుకొనిపోయినది. మరునాడు మా చిన్నమ్మాయి, “అబ్బా, గూడు లేకుండా వాటినెందుకు కొన్నాము?” అని అడిగినది. మా వద్ద సమాధానం లేకపోయినది.

తరువాత విచారించగా తెలిసినదేమనగా, అట్టి రంగు పిల్లలు సాధారణంగా గుడ్ల జాతికి చెందిన పుంజులు. గుడ్లు పెట్టవు గనుకను, మాంసానికి త్వరగా ఎదగవు గనుకను పిల్లలను పొదిగించే కేంద్రాలకు అవి అక్కరకు రావు. పైగా పుట్టిన మొదటి వారం కోడిపిల్లకు సుమారు 35 డిగ్రీల వేడి కావలెను. తల్లి రెక్కలుగాని, విద్యుద్దీపపు వెచ్చదనంగాని లేని అట్టపెట్టె దానికి సమాధియే.

కనుక మొదట గూటి సంగతి. ఉర్దూలో కోళ్ల గూటిని ‘డర్బా’ అంటారు. ఇరుకైన ఇంటిని చూచి ‘ముర్గీ కా డర్బా’ అని హేళన చేయడం మన ఇళ్లలో వాడుక. కాని మంచి డర్బా ఇరుకుగా ఉండరాదు. నాలుగు పెట్టలకు నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల గూడు రాత్రికి చాలును. పగలు తిరుగుటకు వేరుగా జాలీ కట్టిన స్థలం ఉండవలెను. గూటిని నేలకు అడుగున్నర ఎత్తున కాళ్లపై నిలిపితే తేమ అంటదు. జాలీ కన్నము అరంగుళం మించరాదు. తలుపునకు గట్టి గొళ్లెం ఉండవలెను. పిల్లి, ముంగిస, పందికొక్కు మన అజాగ్రత్త కొరకే కాచుకొని ఉంటవి. లోపల కోళ్లు నిద్రించుటకు ఒక అడ్డకర్ర, గుడ్డు పెట్టుటకు అడుగు కొలత గల చీకటి పెట్టె ఒకటి అమర్చవలెను. నేలపై నాలుగంగుళాల మందాన ఊక పరచి, తరచు కదిపి పొడిగా ఉంచితే దుర్వాసన రాదు.

డాబాపై రేకుల కింద గూడు పెట్టేవారు వేసవిని తలచుకొనవలెను. కోడికి చెమట గ్రంథులు లేవు. నోరు తెరచి రొప్పుటయే దానికి చల్లబడే మార్గం. నీడ, గాలి, తడి గోనెపట్టా, ఎల్లవేళల చల్లని నీరు లేకపోతే ఏప్రిల్, మే నెలలలో అది బ్రతకడం కష్టం.

ఇక కోళ్ల ఎంపిక. మన నగరంలోని రాజేంద్రనగర్‌లో 1988లో ప్రారంభమైన కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకానికై వనరాజా, గ్రామప్రియ అను రకాలను రూపొందించినది. పెరటిలో నాటుకోడి ఏడాదికి సుమారు 50 నుండి 60 గుడ్లు పెడితే, గ్రామప్రియ 160 నుండి 180 వరకు పెట్టగలదు. కొత్తవారు రోజుల పిల్లలను గాక, నాలుగైదు నెలల పెట్టలను కొనడం మేలు. కండ్లు మెరయుచు, ముక్కు పొడిగా, వెనుకభాగం శుభ్రంగా ఉన్నవానినే తీసికొనవలెను. కొక్కెర తెగులుకు టీకా వేసినారా అని తప్పక అడుగవలెను. ఈ తెగులు సోకితే గూడంతా ఖాళీ కావచ్చును. గుడ్ల కొరకు పుంజు అవసరం లేదు. పుంజు లేకుండానే పెట్ట గుడ్డు పెట్టును. పొరుగువారి నిద్రయు దక్కును.

ఆదాయపు లెక్క కూడ నిజాయితీగా చూడవలెను. ఒక పెట్టకు దినమునకు సుమారు 110 గ్రాముల దాణా కావలెను. నాలుగింటికి నెలకు 13 కిలోలు. అవి నెలకు ఇచ్చేవి సుమారు 55 గుడ్లు. ఫారాలలోని కోడి ఏడాదికి 300 పైగా గుడ్లు పెట్టును గనుక అంగడి గుడ్డుతో మనము పోటీపడలేము. అన్నం మెతుకులు, ఆకుకూరల కాడలు ఖర్చును కొంత తగ్గించును. పెంకు గట్టిపడుటకు ఆల్చిప్పల పొడి ఇవ్వవలెను. లాభం కొరకు గాక, తాజా గుడ్డు కొరకును, పిల్లలకు బాధ్యత నేర్పుట కొరకును పెంచేవారే నిరాశ చెందరు.

పొరుగువారి ఆరోగ్యం కూడ మన చేతిలో ఉన్నదని మరువరాదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లోను, 2015లో మన హయత్‌నగర్ సమీపాన తొర్రూరులోను పక్షిజ్వరం బయటపడినది. కోళ్లు హఠాత్తుగా చనిపోతే వాటిని వట్టి చేతులతో తాకక, అమ్మక, పశువైద్యునికి తెలుపవలెను. అద్దె ఇంటిలో ఉన్నవారు యజమానిని, అందరును పక్కింటివారిని ముందుగా అడుగుట మర్యాద.

రెండవసారి మేము ముందు గూడు చేయించినాము. దానిని చూచిన బంధువులు, “కోళ్లేవి?” అని నవ్వినారు. పది దినముల తరువాత నాలుగు పెట్టలు వచ్చినవి. సాయంకాలం వాటిని లెక్కించి గొళ్లెం వేయడం మా చిన్నమ్మాయి పని. పరీక్షల దినాలలో కూడ ఆమె ఆ పని మరువలేదు. మన పోషణలోనికి ఒక మూగజీవిని తెచ్చుకొనదలచిన విద్యార్థులు ఆమె అడిగిన ప్రశ్నను, కొనకముందే తమను తాము అడుగుకొందురు గాక.