నట్ట – జలగ: పశు పరాన్నజీవి ప్రయోగశాలలో తొలి పాఠం

పశు పరాన్నజీవి ప్రయోగశాలలో కొత్తగా చేరిన పరిశోధకులు మొదట నేర్చుకునే వాటిలో పేడ, పెంటికల పరీక్ష ముఖ్యమైనది. గొర్రెకు దవడ కింద నీరు దిగితే, కారణం రక్తం పీల్చే హీమాంకస్ నట్ట కావచ్చు. కాలేయంలో చేరిన ఫాసియోలా జలగ కావచ్చు. లక్షణం ఒక్కటే అయినా పరీక్షలు వేరు. హీమాంకస్ గుడ్లు తేలికైనవి కనుక సంతృప్త ఉప్పు ద్రావణంలో పైకి తేలుతాయి. బరువైన జలగ గుడ్లను నీటి అడుగున పేరుకున్న మడ్డిలో వెతకాలి. తేల్చే పద్ధతి ఒక్కదానితోనే సరిపెట్టుకుంటే జలగ కంటపడదు; చికిత్స దారి తప్పుతుంది.

ఇక్కడ కాపరి మాట ఆధారమవుతుంది. ‘నట్టలు’ అనే వాడుక గుండ్రని పురుగులకూ బద్దెపురుగులకూ చెల్లుతుంది. ‘జలగ’ అన్న పేరు ఆకువంటి పరాన్నజీవిని వేరుచేసి చూపుతుంది. నీటి జలగతో దానికి బంధుత్వం మాత్రం లేదు. దాని పిల్లదశలు నత్తలో పెరుగుతాయి. కాబట్టి మంద చెరువు అంచున మేసిందా అన్న ప్రశ్న కూడా పరీక్షలో భాగమే. శాస్త్రీయ నామం నిర్ధారణ కాకముందే కాపరి పలికిన పదాన్నీ మేపిన చోటునూ నమూనాతోపాటు యథాతథంగా నమోదు చేయడం కొత్త పరిశోధకుల ప్రథమ కర్తవ్యం.