సొంత విషయములకు యంత్రపు చిట్టా

పాలలెక్క, బంధువుల చిరునామా, భీమా వాయిదా తేదీ - ఇంటింటను ఇట్టి వివరములు తలకొక కాగితముపై నుండును. వీనిని ఒకచోట చేర్చి, కోరిన రీతిని చూపు కంప్యూటరు ప్రోగ్రామును నిర్మించుట ఎట్లు?

1988లో అమెరికాలోని లోటస్ సంస్థ "ఎజెండా" అను ప్రోగ్రామును విడుదల చేసెను. మిచ్ కేపర్, జెర్రీ కాప్లన్, ఎడ్ బెలోవ్ దానిని రూపొందించిరి. గళ్లు ముందుగా గీచి విషయమును నింపుట పాత పద్ధతి. ఎజెండాలో తోచిన మాట ముందు వ్రాసికొని, వర్గములను పిమ్మట ఏర్పరచుకొనవచ్చును. "మంగళవారము సుబ్బయ్యగారికి ఫోను చేయవలెను" వంటి వాక్యమొక్కటే ఆ పేరు క్రిందను, ఆ తేదీ క్రిందను, ఫోను పనుల క్రిందను కనబడును. కాని కొన్ని యేండ్లకే సంస్థ దానిని విరమించెను.

2002లో కేపర్ "చాండ్లర్" అను ఉచిత ప్రోగ్రామును తలపెట్టిరి. ఉత్తరములు, క్యాలెండరు, పనుల పట్టిక ఒకేచోట ఉండవలెననియు, ఎవరికి తగినట్లు వారు మార్చుకొనవలెననియు సంకల్పము. ఎట్టి మార్పునకైనను తట్టుకొను పునాది వేయుటలోనే ఏండ్లు గడచినవి. 2008 ఆరంభమున కేపర్ తప్పుకొనిరి. ప్రథమ సంపూర్ణ రూపము ఆ యేటనే, ఆ పిమ్మట వెలువడెను. అప్పటికే అనేకులు ఇంటర్నెట్ క్యాలెండర్లకు అలవాటుపడి యుండిరి.

కావున నిర్మాత నేటి కవసరమైన చిన్న పనిని ముందు పూర్తిచేసి, మార్పునకు చోటుంచవలెను. వాడుకొనువారును ఒకటి విచారింపవలెను: ఈ ప్రోగ్రాము రేపు నిలిచిపోయినచో, మన వ్రాతలను సాదా అక్షరములుగా వెలికి తీసికొనగలమా? తీసికొనలేనిచో, ఏండ్ల తరబడి కూర్చిన చిట్టా దానితోనే పోవును.