1 వోల్టు కంప్యూటర్, 100 వోల్టుల హెడ్‌ఫోన్

జపాన్ సంస్థ స్టాక్స్ 1960లో ఎస్‌ఆర్-1 పేరుతో ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్‌ను అమ్మకానికి తెచ్చింది. ఈ రకం హెడ్‌ఫోన్ మీద మనసు పడి, పాటలు వినడానికి కంప్యూటరే ఆధారమైనవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: దీనికి ఎంత పెద్ద సౌండ్ కార్డ్ కావాలి? పెద్దదేమీ అక్కర్లేదు. ఎందుకో అంకెలే చెబుతాయి.

మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, తీగచుట్ట ఉంటాయి. ఇందులో ఆ రెండూ లేవు. చిల్లులున్న రెండు లోహపు పలకల నడుమ పల్చటి ప్లాస్టిక్ పొర బిగించి ఉంటుంది. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, చాలా మోడళ్ళలో ఈ పొర 2 మైక్రాన్లకు లోపే. ఇప్పటి స్టాక్స్ మోడళ్ళలో దాని మీద ఎప్పుడూ 580 వోల్టుల స్థిరవిద్యుత్తు ఉంటుంది. పాట తాలూకు వోల్టేజీ రెండు పలకలకూ చేరగానే ఒకటి పొరను లాగుతుంది, మరొకటి నెడుతుంది. పొర మొత్తం ఒక్కసారిగా కదులుతుంది. వీణ మీటినప్పుడు ఆ తొలి క్షణం అంత స్పష్టంగా వినిపించడానికి ఇదే కారణమని నా నమ్మకం.

ఈ అందానికి ధర వోల్టులు. మామూలు రకం హెడ్‌ఫోన్ సెన్‌హైజర్ హెచ్‌డీ 600 నిరోధం 300 ఓమ్‌లు, 1 మిల్లీవాట్‌కు 97 డెసిబెల్‌లు పలుకుతుంది. సౌండ్ కార్డ్ 1 వోల్టు ఇస్తే 3.3 మిల్లీవాట్లు అందుతాయి, శబ్దం 102 డెసిబెల్‌లు దాటుతుంది. చెవికి అది ఎక్కువే. 2011లో వచ్చిన స్టాక్స్ ఎస్‌ఆర్-009కి 101 డెసిబెల్‌లు రావాలంటే 100 వోల్టులు కావాలి. అదే 1 వోల్టుకైతే 61 డెసిబెల్‌లే, ఇద్దరు మాట్లాడుకునేంత. కరెంటు మాత్రం ఇది దాదాపుగా అడగదు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర దీని నిరోధం 145 కిలోఓమ్‌లు కాబట్టి, 100 వోల్టులకు లాగేది 0.7 మిల్లీఆంపియర్.

అందుకే దీనికి విడిగా ఆంప్లిఫయర్ తప్పనిసరి. స్టాక్స్ ఆంప్లిఫయర్లలో చాలావాటి గెయిన్ 60 డెసిబెల్‌లు, అంటే 1000 రెట్లు. 100 మిల్లీవోల్టులు లోపలికి పంపితే 100 వోల్టులు బయటికొస్తాయి. సాధారణ లైన్ అవుట్ ఇచ్చే 1 వోల్టు అవసరానికి పదింతలు. కాబట్టి 600 ఓమ్‌ల హెడ్‌ఫోన్లను కూడా నడుపుతుందని ప్రకటించుకునే ఖరీదైన కార్డ్‌కు పెట్టే అదనపు డబ్బు ఇక్కడ వృథా. ఆ బలం ఆంప్లిఫయర్ గడప దగ్గరే ఆగిపోతుంది.

వృథా కానిది నిశ్శబ్దం. 1000 రెట్లు పెరిగేది పాట ఒక్కటే కాదు, సౌండ్ కార్డ్ బుసబుస కూడా. దాని సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 90 డెసిబెల్‌లు అనుకుందాం. 1 వోల్టు సిగ్నల్ వెనుక 32 మైక్రోవోల్టుల నాయిస్ దాగి ఉంటుంది. మనం 81 డెసిబెల్‌ల దగ్గర వింటున్నామంటే హెడ్‌ఫోన్‌కు 10 వోల్టులు చాలు.

ఈ 10 వోల్టులను రెండు రకాలుగా సాధించవచ్చు. విండోస్‌లో వాల్యూమ్ బాగా తగ్గించి, ఆంప్లిఫయర్ వాల్యూమ్ నాబ్‌ను చివరిదాకా తిప్పడం ఒకటి. అప్పుడు పాట తగ్గుతుంది, కార్డ్ నాయిస్ తగ్గదు. అది 1000 రెట్లు పెరిగి 32 మిల్లీవోల్టులవుతుంది, చెవి దగ్గర 31 డెసిబెల్‌లు పలుకుతుంది. రాత్రిపూట పడకగదిలో ఉండే చప్పుడంత! ఆలాపన మధ్య మౌనంలో అది వినిపిస్తుంది. రెండోది, కంప్యూటర్ వాల్యూమ్ పూర్తిగా పెంచి నాబ్ దగ్గర తగ్గించడం. అప్పుడు నాయిస్ కూడా పాటతో పాటే వంద రెట్లు తగ్గి, మైనస్ 9 డెసిబెల్‌లకు పడిపోతుంది. తేడా 40 డెసిబెల్‌లు, ఖర్చు సున్నా. కొత్త కార్డ్ కొనేముందు ఈ పని చేసి చూడమని గట్టిగా చెబుతాను. ప్లే నొక్కేముందు మాత్రం నాబ్ కిందికి ఉందో లేదో చూసుకోండి.

అప్పటికీ గుయ్యిమనే శబ్దం మిగిలితే అది ఎక్కువగా ఎర్త్ సమస్య. కంప్యూటర్‌నూ ఆంప్లిఫయర్‌నూ ఒకే ప్లగ్ బోర్డుకు పెట్టి చూడండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు పిన్నులు లెక్కపెట్టాలి. పాత స్టాక్స్ ప్లగ్‌కు 6 పిన్నులు, అది పొర మీద 230 వోల్టులే ఉండే కాలం నాటిది. 580 వోల్టుల ప్లగ్‌కు 5 పిన్నులే. పాత ప్లగ్ కొత్త సాకెట్‌లో పట్టదు. కొత్తది పాత సాకెట్‌లో దూరుతుంది కానీ, పొరకు అందే వోల్టేజీ సగం కూడా ఉండదు కాబట్టి నీరసంగా పలుకుతుంది.