పైలట్ ఉద్యోగం: ఎప్పుడు మారాలి, ఎలా అప్లై చెయ్యాలి?

పోయిన నెల అరోరా బాలాజీ గుడి క్యాంటీన్‌లో పులిహోర తింటుంటే ఒకాయన వచ్చి పక్కన కూర్చున్నారు. "మా అమ్మాయి పైలట్ అవుతానంటోందండీ. మీరు ఆ లైన్లోనే ఉన్నారట కదా. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఎలా వెతుక్కోవాలో నాకు తెలుసు. దీని సంగతేమిటి?" అని అడిగారు. ఆయనకు చెప్పిన మాటలే ఈ రోజు మీకూ చెబుతాను.

సాఫ్ట్‌వేర్‌లో కంపెనీ మారితే జీతం పెరుగుతుంది. పదేళ్ళ అనుభవం ఉంటే కొత్త కంపెనీ ఆ పదేళ్ళకీ విలువ కడుతుంది. ఎయిర్‌లైన్స్‌లో అలా కాదు. చేరిన రోజున మీకు ఒక సీనియారిటీ నంబర్ ఇస్తారు. ఏ విమానం నడుపుతారు, ఏ ఊళ్ళో బేస్, కెప్టెన్ ఎప్పుడవుతారు, సంక్రాంతికి ఇంట్లో ఉంటారా లేదా, అన్నీ ఆ నంబరే తేలుస్తుంది. గడ్డుకాలం వస్తే ఇంటికి పంపడం కూడా ఆ లిస్టు అడుగు నుంచే మొదలవుతుంది. ఇంకో కంపెనీకి మారితే, మీరు ఇరవయ్యేళ్ళ కెప్టెన్ అయినా సరే, అక్కడ లిస్టులో చివరి మనిషే. జీతం కూడా మొదటి ఏడాది జీతమే.

ఈ సంగతి నాకు తెలియక కాదు, తెలిసీ పొరపాటు చేశాను. చిన్న జెట్లు నడిపే రీజినల్ ఎయిర్‌లైన్‌లో ఉండగా నాకు కెప్టెన్ సీటు వచ్చింది. ఇల్లు నేపర్‌విల్‌లో, బేస్ ఒహేర్‌లో. హాయిగా ఉంది కదా, ఇంకో రెండేళ్ళుండి పెద్ద కంపెనీకి వెళదాం అనుకున్నాను. నాతోపాటు ఒకే క్లాసులో చేరిన మిత్రుడు మాత్రం అప్పుడే అప్లై చేసి వెళ్ళిపోయాడు. రెండేళ్ళ తర్వాత నేనూ అక్కడికే వెళ్ళాను. ఆ మధ్యలో చేరినవాళ్ళందరూ ఇప్పుడు నాకంటే ముందున్నారు. పండక్కి అతను పిల్లలతో ఉంటాడు, నేను రిజర్వ్ డ్యూటీలో ఫోను పక్కన పెట్టుకుని కూర్చుంటాను. ఇక్కడ రిటైర్మెంట్ 65 ఏళ్ళకు. అప్పటిదాకా ఆ తేడా పూడదు.

ఇక మొదటినుంచీ వద్దాం. డబ్బు కట్టేముందు ఫస్ట్ క్లాస్ మెడికల్ చేయించండి. కళ్ళజోడు ఉంటే ఫరవాలేదు. రంగులు గుర్తుపట్టడంలో తేడా, ఏడీహెచ్‌డీ, డిప్రెషన్ మందులు లాంటివి ఉంటే ఎఫ్.ఏ.ఏ. అదనపు పరీక్షలు అడుగుతుంది, నెలలు పట్టవచ్చు. దాచకండి. దాచినట్టు తర్వాత బయటపడితే లైసెన్సుకే ముప్పు.

రెండోది గంటలు. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ విమానం కూలి 50 మంది చనిపోయారు. దాని తర్వాత 2010లో కాంగ్రెస్ చట్టం చేసింది. 2013 నుంచి కో-పైలట్‌గా చేరాలన్నా 1500 గంటలు ఎగిరిన అనుభవం ఉండాలి. ఎఫ్.ఏ.ఏ. ఆమోదించిన కాలేజీలో నాలుగేళ్ళ ఏవియేషన్ డిగ్రీ చేస్తే 1000 గంటలు చాలు, వయసు కూడా 23 బదులు 21 సరిపోతుంది. మనకు దగ్గర్లో రోమియోవిల్‌లోని లూయిస్ యూనివర్సిటీలో ఏవియేషన్ డిగ్రీ ఉంది, ఎయిర్‌పోర్ట్ క్యాంపస్ పక్కనే. కమర్షియల్ లైసెన్సు దాదాపు 250 గంటలకే వస్తుంది. మిగతా గంటలు చాలామంది ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేస్తూ సంపాదిస్తారు. అక్కడిదాకా చదువుకు లక్ష డాలర్ల దాకా అవుతుంది.

మన కుటుంబాలు ముఖ్యంగా గమనించాల్సింది వీసా. అమెరికా పౌరులు కానివాళ్ళు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, శిక్షణ మొదలుపెట్టే ముందు టీ.ఎస్.ఏ. అనుమతి తీసుకోవాలి. హెచ్-4 మీద ఉన్న పిల్లలు చదువుకోవచ్చు గానీ, ఇన్‌స్ట్రక్టర్‌గా జీతం తీసుకోవాలంటే పనిచేసే అనుమతి కావాలి. 21 నిండితే హెచ్-4 ఉండదు. ఎయిర్‌లైన్స్ చాలావరకు పైలట్లకు వీసా స్పాన్సర్ చెయ్యవు. కాబట్టి గ్రీన్‌కార్డు ఎప్పుడొస్తుందో లెక్కేసుకోకుండా లక్ష డాలర్లు అప్పు చెయ్యకండి. ఇండియా వెళ్ళి నడుపుతామంటే ఇక్కడి లైసెన్సు నేరుగా చెల్లదు, డీజీసీఏ నిబంధనల ప్రకారం మార్పించుకోవాలి.

ఇప్పుడు అప్లికేషన్. మన రెజ్యూమె పద్ధతి ఇక్కడ పనికిరాదు. పదేళ్ళుగా ఎక్కడున్నారు, ఏం చేశారు, ఎన్ని గంటలు, ఏ విమానం మీద, ఎన్ని లైసెన్సు పరీక్షలు తప్పారు, ట్రాఫిక్ టికెట్లతో సహా అన్నీ అడుగుతారు. లాగ్‌బుక్‌లో కూడికలు తప్పితే ఇంటర్వ్యూలోనే పట్టుకుంటారు. ఇదివరకు 1996 నాటి చట్టం కింద పాత కంపెనీల నుంచి కాగితాలు తెప్పించుకునేవారు. ఇప్పుడు ఎఫ్.ఏ.ఏ. వారి పైలట్ రికార్డ్స్ డేటాబేస్‌లో చూస్తారు. అప్లై చేసే ముందు మీ రికార్డు మీరే ఒకసారి చూసుకోవచ్చు, తప్పక చూసుకోండి.

నేను ఇన్‌స్ట్రుమెంట్ పరీక్ష మొదటిసారి తప్పాను. అప్లికేషన్‌లో రాశాను. ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న అదే. పరీక్షాధికారి మీద నెపం వెయ్యకుండా, ఏ ఎత్తు దగ్గర ఏం మర్చిపోయానో, తర్వాత ఎలా సరిదిద్దుకున్నానో చెప్పాను. ఆ కబురు రెండు నిమిషాల్లో అయిపోయింది. తప్పడం వల్ల ఉద్యోగం రానివాళ్ళకంటే తప్పింది దాచి పోగొట్టుకున్నవాళ్ళ గురించే నేను ఎక్కువ విన్నాను.

ఒక్కసారికి పిలుపు రాకపోతే దిగులుపడకండి. ఎగిరిన కొత్త గంటలు కలుపుతూ అప్లికేషన్ తాజాగా ఉంచాలి. 1940లలో ప్రేమ్ మాథుర్ అనే ఆవిడ కమర్షియల్ లైసెన్సు పట్టుకుని తిరిగితే, ఆడమనిషని ఎనిమిది కంపెనీలు కాదన్నాయి. ఆఖరికి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్ దక్కన్ ఎయిర్‌వేస్.

ఉద్యోగాలు అలలాగా వస్తాయి. 2020లో కోవిడ్ వచ్చి నియామకాలు ఆగిపోయాయి. 2022, 2023లలో పెద్ద కంపెనీలు రికార్డు స్థాయిలో తీసుకున్నాయి, 2024లో మళ్ళీ నెమ్మదించాయి. అల వచ్చినప్పుడు అర్హతలతో సిద్ధంగా ఉన్నవాళ్ళు ఎక్కుతారు. ఎక్కడ రిటైరయ్యేదాకా ఉండగలరో ఆ కంపెనీకి వీలైనంత త్వరగా చేరాలి. ఒక్క ఏడాది జీతం చూసి అటూ ఇటూ మారితే మారినప్పుడల్లా అడుగునుంచే మొదలు.

గుళ్ళో ఆయన అంతా విని, "ఇప్పుడు ఏం చెయ్యమంటారు?" అన్నారు. "బోలింగ్‌బ్రుక్‌లో క్లో ఎయిర్‌పోర్ట్ ఉంది, లూయిస్ ఎయిర్‌పోర్ట్ ఉంది. ముందు అమ్మాయిని ఒక గంట డిస్కవరీ ఫ్లైట్ ఎక్కించండి. వెనక సీటుంటే మీరూ ఎక్కండి. దిగాక కూడా అదే మాటంటే, మర్నాడే మెడికల్‌కి అపాయింట్‌మెంట్ తీసుకోండి" అన్నాను. నిన్న ఫోన్ చేశారు. ఆయనకు కళ్ళు తిరిగాయట. అమ్మాయి మాత్రం మెడికల్ తేదీ ఖాయం చేసుకుందట.