కరెంటు పోయి వచ్చాక మీ సర్వర్ లేస్తుందా?

ఈ సంచికకు నలుగురికీ పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని కార్యవర్గం అడిగింది. స్టోరేజ్ సిస్టమ్స్ నా వృత్తే అయినా, ఇప్పుడు రాయబోయే పాఠం నేర్పింది మాత్రం మన సంఘం సర్వరే.

గాలివానకు అది ఉన్న వీధిలో కరెంటు పోయి వచ్చింది. పాత ఉగాది వీడియోలు కావలసిన వారమది. సర్వర్ లేవలేదు. డేటా డిస్కులన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చిన్న ఎస్‌ఎస్‌డీ, అంటే బూట్ డిస్కు కూడా బాగానే ఉంది. అయితే దాన్ని తగిలించిన యూఎస్‌బీ హబ్, కరెంటు పోయి వస్తే మళ్లీ బటన్ నొక్కేదాకా ఆన్ కాని రకం. సర్వర్ దానంతటదే ఆన్ అయి, బూట్ డిస్కు కోసం వెతికి, కనబడక ఆగిపోయింది. ఆ కంగారులో "డిస్కులు పోయినట్టున్నాయి, ఫార్మాట్ చేసి మళ్లీ మొదలుపెడదాం" అన్న మాట కూడా వచ్చింది. ఆ మాట వింటే ఇప్పటికీ నాకు గుండె దడే.

మనవాళ్ల ఇళ్లలో ఈ అమరిక చాలా మామూలు. పాత కంప్యూటర్‌లో నాలుగు సాటా పోర్టులుంటే నాలుగింటికీ పెద్ద డిస్కులు పెట్టి, ట్రూనాస్, ఓపెన్‌మీడియావాల్ట్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ను యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీలో వేస్తాం. వెనక పోర్టుల్లో కీబోర్డు, యూపీఎస్ కేబులు, బ్యాకప్ డిస్కు చేరతాయి. చివరికి చోటు చాలక బూట్ డిస్కే హబ్ మీదికి వెళుతుంది. పని చేస్తోంది కదా అని వదిలేస్తాం.

చిక్కు మూడు చోట్ల ఉంది. మొదటిది కరెంటు. అడాప్టర్ లేని హబ్ తన కరెంటునంతా కంప్యూటర్ పోర్టు నుంచే లాగుతుంది. ప్రమాణం ప్రకారం యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు ఇచ్చేది 900. హబ్ మీద ఉన్నవన్నీ దాన్నే పంచుకోవాలి. పక్కన ఉన్న బ్యాకప్ డిస్కు తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఎక్కువ లాగితే వోల్టేజీ పడిపోయి హబ్ రీసెట్ అవుతుంది, బూట్ డిస్కు మాయమవుతుంది. ఇక్కడ భయపెట్టే సంగతేమిటంటే, అప్పటికే మెమరీలో ఉన్న ప్రోగ్రాములతో ఫైల్ షేరింగ్ కొంతకాలం నడుస్తూనే ఉండొచ్చు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. లాగ్‌లు, సెట్టింగులు మాత్రం డిస్కులోకి చేరవు. రీబూట్ చేసిన రోజునే అసలు విషయం బయటపడుతుంది.

రెండోది సమయం. మొదట బయోస్ తన చిన్నపాటి డ్రైవర్‌తో డిస్కును వెతుకుతుంది. కొన్ని బోర్డులు హబ్ వెనక ఉన్నదాన్ని గుర్తించవు, కొన్ని హబ్ సిద్ధమయ్యేదాకా ఆగవు. ఆ గండం గడిచాక లినక్స్ కెర్నల్ వచ్చి యూఎస్‌బీ పరికరాలన్నిటినీ మళ్లీ మొదటినుంచి పలకరిస్తుంది. అప్పుడు డిస్కు ఆలస్యంగా పలికితే బూట్ సగంలో ఆగిపోవచ్చు.

మూడోది లేని భద్రతను ఉందనుకోవడం. రెండు బూట్ డిస్కులు పెట్టి, ఒకదానికొకటి నకలుగా మిర్రర్ చేశాం కదా అని కొందరి ధైర్యం. రెండూ ఒకే హబ్ మీదుంటే రెండూ ఒకేసారి పోతాయి.

ఇక చేయవలసినవి. బూట్ డిస్కును సర్వర్ వెనక, మదర్‌బోర్డు మీది పోర్టుకే నేరుగా తగిలించండి. కీబోర్డును హబ్ మీదికి పంపండి. మిర్రర్ కావాలంటే రెండు వేర్వేరు పోర్టులు వాడండి. హబ్ తప్పనిసరైతే సొంత అడాప్టర్ ఉన్నది, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యేది ఎంచుకోండి. దాని అడాప్టర్‌ను కూడా సర్వర్ ఉన్న యూపీఎస్‌కే పెట్టండి. పెన్‌డ్రైవ్ కన్నా ఎస్‌ఎస్‌డీ మేలు. ఎడతెగని లాగ్ రాతలకు పెన్‌డ్రైవ్‌లు త్వరగా అరిగిపోతాయి. అన్‌రెయిడ్ అనే సిస్టమ్ వాడేవారి సంగతి వేరు. అది పెన్‌డ్రైవ్ నుంచి మెమరీలోకి ఎక్కి నడుస్తుంది.

ఇవన్నీ చేశాక పరీక్షించండి. మెనూలో రీస్టార్ట్ నొక్కితే పరీక్ష అయినట్టు కాదు, ఎందుకంటే అప్పుడు హబ్‌కు కరెంటు పోదు. సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, సర్వర్‌దీ హబ్‌దీ ప్లగ్గులు పీకి, కాసేపాగి మళ్లీ పెట్టండి. ఎవరి చెయ్యీ పడకుండా అది లేచి, ఫోన్‌లో ఫొటోలు తెరుచుకుంటేనే నమ్మండి. దానంతటదే లేవకపోతే బయోస్‌లో, కరెంటు తిరిగొచ్చినప్పుడు ఆన్ కావాలనే సెట్టింగు చూడండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట. బూట్ డిస్కు పోయినంత మాత్రాన మీ ఫైళ్లు పోవు. ట్రూనాస్‌లోనైతే కొత్త డిస్కులో సిస్టమ్ వేసి, పాత పూల్‌ను, అంటే డేటా డిస్కుల సముదాయాన్ని, ఇంపోర్ట్ చేయండి. పొరపాటున కూడా కొత్త పూల్ క్రియేట్ చేయకండి, ఆ ఒక్క నొక్కుతో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కాన్ఫిగరేషన్ ఫైలును ముందే సేవ్ చేసి సర్వర్ బయట వేరేచోట ఉంచండి. డిస్కులు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే వాటి తాళంచెవి ఫైలూ అంతే.

ఇంత జాగ్రత్త దేనికంటారా? ఆ డిస్కుల్లో ఏముందో చూడండి. నాయనమ్మ గొంతులో మంగళహారతులు, తాతయ్య ఊళ్లో చెప్పించిన హరికథల రికార్డింగులు, పిల్లల కూచిపూడి రంగప్రవేశం, తెలుగు బడిలో వాళ్లు మొదటిసారి అప్పజెప్పిన పద్యం. తాళ్లపాక అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించాడని ప్రతీతి. రాగి రేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరిచినా, అందులో సగమైనా మనకు దక్కలేదు. దక్కినవాటిని వెలికితీసి, పరిష్కరించి, అచ్చువేసిన పండితుల శ్రమ వల్లే ఈనాడు మన పిల్లలు ఇక్కడి వేదికల మీద అవి పాడుతున్నారు. దాచడం ఎంత అవసరమో, దాచినది తిరిగి తెరుచుకునేలా చూడడం అంతే అవసరం.

కంప్యూటర్ల మీద బతుకులు నిలబెట్టుకున్న సమాజం మనది. ప్రపంచంలోని పెద్ద కంపెనీల సర్వర్లను కంటికి రెప్పలా కాచేవారు మన పంక్తి భోజనాల్లోనే పక్కపక్కన కూర్చుంటారు. ఆ నేర్పు మన ఇంటి జ్ఞాపకాలకూ, సంఘం భాండారానికీ అందాలి. మీకు ఈ పని తెలిస్తే, తెలియని మరో కుటుంబం సర్వర్‌ను కూడా ఒకసారి చూసిపెట్టండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఏ డిస్కులో ఎవరి గొంతు ఉందో వాళ్లకు చెప్పండి. రేపు దాన్ని కాపాడవలసింది వాళ్లే.